సముద్ర పరిశోధక నౌకలు - వాటి పరికరములు

మహాసముద్రముల సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. సూర్యరశ్మి అందులో 200 మీటర్లు దాటి పోవుట అరుదు. ఆ చీకటి అగాధమున నీరు ఎంత చల్లనిదో, ఎంత ఉప్పనిదో తెలియవలెనన్న ఒక త్రాడు దింపి, అచ్చటి సమాచారమును దారిలో చెడకుండ పైకి తేవలెను. వినుటకు సులభముగనే యుండును గాని, ‘చెడకుండ’ అన్న మాటలోనే చిక్కంతయు ఉన్నది.

బ్రిటిషు యుద్ధనౌక ఛాలెంజరులో రెండు ఫిరంగులు మినహా తక్కినవి తొలగించి, ప్రయోగశాలలు అమర్చి, 1872 డిసెంబరులో సముద్ర పరిశోధనకు పంపిరి. అది 1876 మేలో తిరిగివచ్చినది. లోతు కొలుచుటకు నార త్రాటికి బరువు కట్టి వదలెడివారు. బరువు అడుగున ఆగినను త్రాడు తన బరువుకే జారుచుండును. కనుక గడియారము చూచుచు ప్రతి నూరు బారలకు పట్టిన కాలమును వ్రాసికొనెడివారు. ఆ వ్యవధి హఠాత్తుగ పెరిగినచో అడుగు తగిలినదన్నమాట. ఉర్దూ తెలుగులకు ఉమ్మడి మాటయైన లంగరు అంత లోతున అక్కరకు రాదు. త్రాడు నిట్టనిలువుగ ఉండునట్లు ఆవిరి యంత్రముతోనే నౌకను ఒకచోట నిలిపెడివారు. 1875 మార్చి 23న పడమటి పసిఫిక్‌లో ఈ విధముగ 4,475 బారల లోతు, అనగా సుమారు 8,180 మీటర్లు, తేలినది.

ఉష్ణోగ్రత సంగతి ఇంకను చిత్రమైనది. ఆనాటి ఉష్ణమాపకము తాను దాటిన నీటిలో మిక్కిలి చల్లనిదానినే గుర్తుంచుకొనును. లోతునకు పోయినకొలది నీరు చల్లబడుచున్నచో చింత లేదు. కాని చలికాలమున బంగాళాఖాతపు ఉత్తర భాగమున నదులు తెచ్చిన మంచినీరు తేలికయై పైన నిలిచి చల్లబడును. దాని క్రింద వెచ్చని నీరుండును. అట్టిచోట ఆ పరికరము పైపొర చలినే చెప్పి మోసగించును. 1874లో లండనులోని నెగ్రెట్టి, జాంబ్రా సంస్థ వెలువరించిన బోర్లించు ఉష్ణమాపకము ఈ చిక్కును విడదీసినది. కోరిన లోతున దానిని తలక్రిందు చేయగనే పాదరసపు తీగ సన్నని మెడవద్ద తెగిపోవును. తెగిన ముక్క పొడవే ఆ చోటి ఉష్ణోగ్రత; పైకి వచ్చునపుడు ఎట్టి నీరు తగిలినను అది మారుట స్వల్పమే. ఇంత చిన్న యుక్తి సుమారు నూరేండ్లు సముద్ర శాస్త్రమును మోసినది!

లోతు కొలుచు పనిని తరువాత ధ్వని తీసికొన్నది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. 3,000 మీటర్ల అడుగు నుండి ప్రతిధ్వని 4 సెకన్లలో తిరిగివచ్చును. జర్మనీ నౌక మీటియోర్ 1925-27లో దక్షిణ అట్లాంటిక్ అడుగును ఇట్లే కొలిచినది.

1983లో జర్మనీలో నిర్మింపబడిన మన సాగర్ కన్య తరమునకు నార త్రాటి స్థానమున విద్యుత్తు ప్రసరించు ఉక్కు కేబులు వచ్చినది. దాని కొసనుండు సి.టి.డి. అను పరికరము నీటి విద్యుద్వాహకతను బట్టి ఉప్పదనమును, పీడనమును బట్టి లోతును, వాటితోపాటు ఉష్ణోగ్రతను క్షణక్షణము పైకి తెలుపును. చుట్టునున్న సీసాలు నౌక నుండి ఆజ్ఞ అందినచోట మూతపడును.

నేడు ఆర్గో తేలియాడు పరికరములు 2,000 మీటర్ల వరకు మునిగి, సుమారు పది దినములకొకసారి పైకి వచ్చి, ఉపగ్రహము ద్వారా వార్తలు పంపుచున్నవి. హిందూ మహాసముద్రపు వివరములు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థకు చేరుచున్నవి. ఐనను వాటి లెక్క సరియైనదో కాదో పోల్చుటకు సీసాలలో తెచ్చిన నీరు కావలెను. ఇక అడుగు మట్టి కావలెనన్నచో, బరువైన గొట్టమును కేబులుతో దింపి నేలలో గ్రుచ్చి, పొరలు చెదరకుండ మెల్లగ పైకి లాగవలసినదే.