ఉన్నతవిద్యలో ప్రవేశం, కొనసాగింపు: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పరిశీలన

వ్యాససంగ్రహం: విశ్వవిద్యాలయంలో సీటు పొందడం, చదువు పూర్తిచేయడం ఒకటి కావు. పేద, అణగారిన వర్గాల విద్యార్థులకు వసతి, అర్హత, దూరం, భాష అనే నాలుగు అవరోధాలు ఎదురవుతాయి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యంలో వీటిని తొలగించడానికి జరిగిన కృషిని వివరించి, మిగిలిన లోటును గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గురుకులం, సార్వత్రిక విద్య, తొలితరం విద్యార్థులు, బోధనభాష.

1. నేపథ్యం

2011 జనగణన ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. మహిళల్లో 45 శాతానికి లోపే. నల్లగొండలో ఇది సుమారు 64 శాతం. వర్షాధార సేద్యం, కరువు, వలస ఈ మెట్టప్రాంతపు జీవనాన్ని నిర్ణయించాయి. పాలమూరు కూలీలు గుంపుమేస్త్రీల వెంట దూరప్రాంతాల ప్రాజెక్టు పనులకు వెళ్లేవారు. పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్లినా, ముసలివారి దగ్గర ఇంటి బాధ్యతతో ఉండిపోయినా బడి మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. కనుక విశ్వవిద్యాలయ ప్రవేశ సమస్యకు మూలం పాఠశాల దశలోనే ఉంది.

2. వసతి

పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. గురుకులం ఇచ్చేది తిండి, నీడ మాత్రమే కాదు. ఇంటిపని, కూలిపనుల నుండి విద్యార్థికి విడుదలైన సమయాన్ని కూడా ఇస్తుంది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2016లో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు రావడంతో ఈ పద్ధతి ఉన్నతవిద్యకు విస్తరించింది.

3. అర్హత

1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదటిది. ఆచార్య జి. రామ్‌రెడ్డి తొలి ఉపాధ్యక్షులు. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. బడి మధ్యలో మానినవారికి అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించడం, తెలుగులో పాఠ్యగ్రంథాలు అందించడం దీని విశిష్టతగా నిలిచాయి. అయితే నిత్యం అధ్యాపకుని సాంగత్యం లేనందున తొలితరం విద్యార్థి ఒంటరిగా చదవవలసి వస్తుంది.

4. దూరం, వ్యయం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడడం వల్ల, ఆడపిల్లను నగరానికి పంపడానికి వెనుకాడే కుటుంబాలకు పి.జి. చదువు దగ్గరైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బోధన రుసుము భారాన్ని తగ్గించింది. కాని బస్సు ఖర్చు, పుస్తకాలు, చదువు కోసం వదులుకున్న కూలి ఆ లెక్కలోకి రావు. నిధుల విడుదల ఆలస్యమైతే ధ్రువపత్రాల కోసం విద్యార్థి కళాశాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

5. భాష

1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల స్థాయికి తెలుగులో పాఠ్యగ్రంథాలు సమకూర్చింది. పి.జి., పరిశోధన స్థాయిలో మాత్రం విజ్ఞాన, సామాజిక శాస్త్రాల ఆకరాలు ప్రధానంగా ఆంగ్లంలోనే ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి మౌనాన్ని అక్కడ అశక్తతగా భావించే ప్రమాదం ఉంది.

తెలుగు శాఖలోనూ ఈ సమస్య మరో రూపంలో కనిపిస్తుంది. గుంటుక, గొర్రు, మోట వంటి పదాల వాడుకను అనుభవంతో ఎరిగిన విద్యార్థి తన మాండలికాన్ని తరగతిలో దాచుకుంటాడు. మాండలిక, వృత్తిపద పరిశోధనకు ఆ భాషే మూలసామగ్రి. ఒకే భాష పరిశోధనలో ఆకరంగా, జవాబుపత్రంలో దోషంగా పరిగణన పొందడం విచారించదగిన వైరుధ్యం.

ముగింపు

మొదటి మూడు అవరోధాలకు ప్రభుత్వ స్థాయిలో కొంత పరిష్కారం లభించింది. నాలుగవది చాలావరకు అధ్యాపకుల చేతిలో ఉంది. తొలి సెమిస్టరులో పఠన, రచనాభ్యాస తరగతులు, ద్విభాషా పారిభాషిక పదపట్టికలు, విద్యార్థి ప్రాంతం నుండి ఎంచుకున్న పరిశోధనాంశాలు ఇందుకు తోడ్పడతాయి. చేరినవారి సంఖ్యతో పాటు మధ్యలో మానినవారి సంఖ్యను, అందుకు గల కారణాలను ప్రతి శాఖ నమోదు చేయాలి. అప్పుడే ప్రవేశావకాశం విద్యావకాశంగా మారిందో లేదో తేలుతుంది.