సంతకానికి ముందు మష్వరా

రెండేళ్ల క్రితం రంజాన్ మాసంలో అమెరికా నుంచి నా పాత విద్యార్థి ఒకతను ఫోన్ చేశాడు. చికాగో పరిసరాల్లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. తల్లిదండ్రులు కూడా చాలాకాలంగా అతని దగ్గరే ఉంటున్నారు. "ఉస్తాద్‌జీ, అబ్బాజాన్, అమ్మీజాన్ ఇక్కడి వృద్ధుల కాలనీలో చేరతామంటున్నారు. చేర్పిస్తే నేను గునాహ్‌గార్‌ను అవుతానా?" అని అడిగాడు. నేను ఇంకొక ప్రశ్న కూడా వేయకుండా, "తల్లిదండ్రుల్ని ఆశ్రమంలో వదిలేయడం మనకు తగునా బేటా?" అన్నాను. అతను మారుమాట్లాడలేదు.

ఆ జవాబు ఎంత తొందరపాటో తర్వాత తెలిసివచ్చింది. మన సోదరులు మరెవరూ అటువంటి జవాబు చెప్పకూడదనీ, వినకూడదనీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను ఊహించుకున్న ఆశ్రమం వేరు, వాళ్లడిగింది వేరు. దాన్ని కంటిన్యూయింగ్ కేర్ రిటైర్‌మెంట్ కమ్యూనిటీ అంటారు. 2015 నుంచి లైఫ్ ప్లాన్ కమ్యూనిటీ అనే కొత్త పేరు కూడా వాడుకలోకి వచ్చింది. ఒకే ఆవరణలో మూడంచెల ఏర్పాటు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి విడిగా ఫ్లాటు ఇస్తారు. స్నానానికి, మందులకు సాయం కావలసినవారికి ఒక విభాగం, మంచం పట్టినవారికి నర్సింగ్ విభాగం ఉంటాయి. భార్యాభర్తల్లో ఒకరు నర్సింగ్ విభాగానికి మారవలసివచ్చినా, రెండోవారు నడిచి వెళ్లి పక్కన కూర్చోగలరు. ఇటువంటి నివాసాలను తొలిరోజుల్లో ఎక్కువగా మత సంఘాలే నడిపాయి. పెన్సిల్వేనియాలో క్వేకర్లు 1967లో ప్రారంభించిన ఫోక్‌వేస్ ఇందుకు ఒక ఉదాహరణ.

దీనిలో ప్రధానమైన షరతు ఒకటుంది. సాధారణంగా చేరేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగి ఉండాలి. ఆరోగ్యం, ఆస్తి రెండూ పరిశీలించాకే ఒప్పందం రాస్తారు. నా మాట విని ఆ కుటుంబం ఆగిపోయింది. ఈలోగా అమ్మీజాన్‌కు మతిమరుపు జబ్బు ముదిరింది. మళ్లీ వెళ్లి అడిగితే అబ్బాజాన్‌కు మాత్రమే ఒప్పందం ఇస్తామన్నారు. ఆమెను నేరుగా సాయం అందే విభాగంలో చేర్చుకుంటామనీ, నెలనెలా పూర్తి ధర కట్టాలనీ చెప్పారు. 'తెలియదు' అనడం కూడా ఇల్మ్‌లో భాగమని మా ఉస్తాదులు నేర్పారు. ఆ రోజు నేను ఆ పాఠం మరిచాను.

కాబట్టి మొదటి సలహా ఇదే. ఆలోచన ఉంటే కాళ్లు ఆడుతుండగానే వెళ్లి చూడాలి. తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లాలి. వారి మష్వరా లేకుండా సంతానం తీసుకునే నిర్ణయం సేవ అనిపించుకోదు.

రెండోది పత్రం. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ అప్పు పత్రం రాసుకోవడం గురించినదేనని మనకు తెలుసు. ఇక్కడ ప్రవేశ రుసుము చాలాచోట్ల లక్ష డాలర్లు దాటుతుంది. దానిపైన నెలసరి రుసుము ఉంటుంది. ఒప్పందాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటి రకంలో ముందు ఎక్కువ చెల్లిస్తారు. తర్వాత నర్సింగ్ విభాగానికి మారినా నెలసరి రుసుము పెద్దగా పెరగదు. రెండో రకంలో కొన్ని రోజుల సేవ మాత్రమే ఆ రుసుములో కలిసి ఉంటుంది. మూడో రకంలో ముందు చెల్లించేది తక్కువగా ఉన్నా, సేవ అవసరమైన నాటి నుంచి పూర్తి ధర పడుతుంది. ప్రభుత్వ మెడికేర్ ఉంది కదా అని ధీమాపడేవారున్నారు. ఆసుపత్రిలో కనీసం మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉన్న తర్వాత, వైద్యపరమైన నర్సింగ్‌కు గరిష్ఠంగా 100 రోజుల వరకే అది సాయపడుతుంది. అందులోనూ 20 రోజులు దాటాక రోగి తన వాటా చెల్లించాలి. తినిపించడం, స్నానం చేయించడం వంటి దీర్ఘకాల సేవ ఒక్కటే కావలసినప్పుడు అది డబ్బివ్వదు.

మరణించినా, నచ్చక వెళ్లిపోయినా రుసుములో ఎంత తిరిగి వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నది పత్రంలో చూడాలి. ఫ్లాటు మరొకరికి ఇచ్చేదాకా డబ్బు ఇవ్వని సంస్థలున్నాయి. సంస్థ దివాలా తీస్తే ఈ సొమ్ముకు సాధారణంగా తాకట్టు ఏదీ ఉండదు. న్యూయార్క్ సమీపంలోని పోర్ట్ వాషింగ్టన్‌లో హార్బర్‌సైడ్ అనే నివాసం 2023లో మూడోసారి దివాలా కోర్టుకెక్కింది. జీవితకాలపు కష్టార్జితం కట్టిన వృద్ధులకు తమ డబ్బు తిరిగి వస్తుందా అన్నదే ప్రశ్నార్థకమైంది. వీటిపై చట్టాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. కొన్ని రాష్ట్రాల్లో ప్రత్యేక చట్టమే లేదు. అందువల్ల సంస్థ ఆడిట్ లెక్కలు అడిగి తీసుకుని, తెలిసిన వకీలుకు, అకౌంటెంటుకు చూపించాలి. ముందే సొమ్ము కట్టి, ఎంత సేవ అందుతుందో తెలియని ఒప్పందంలో గరర్ ఉందా అన్న సందేహం కూడా రావచ్చు. పత్రం చేతికిచ్చి అక్కడి ముఫ్తీలనే అడగండి. ఈసారి నేను తొందరపడి జవాబు చెప్పను.

మూడోది కళ్లతో చూడవలసినవి. తోటను, ఈత కొలనును వాళ్లే చూపిస్తారు. మీరు నర్సింగ్ విభాగం చూపించమనండి. రాత్రివేళ ఎంతమంది సిబ్బంది ఉంటారో అడగండి. మెడికేర్ గుర్తింపు ఉన్న నర్సింగ్ విభాగాలకు ప్రభుత్వం ఒకటి నుంచి ఐదు నక్షత్రాల వరకు ఇస్తుంది. వాటినీ చూడండి. హలాల్ భోజనం దొరుకుతుందా? వజూకు కూర్చునే వీలుందా? అమ్మకు స్నానం చేయించడానికి స్త్రీలే వస్తారా? మస్జిద్ ఎంత దూరం? అంతిమ ఘడియల్లో కుటుంబాన్ని దగ్గర ఉండనిస్తారా? గుసుల్, జనాజా కోసం ఎవరికి కబురు చేయాలి? వీటిని నోటిమాటగా వదలకుండా రాయించుకోవాలి.

మరి గునాహ్ సంగతేమిటి? బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ తన ఆరాధన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆజ్ఞాపించాడు. వృద్ధాప్యంలో వారిముందు విసుగుమాట కూడా రానివ్వద్దన్నాడు. ఇంట్లోనే ఉంచుకుని రోజంతా పలకరించని కొడుకు ఈ ఆజ్ఞను పాటించినట్లేనా? వారి ఇష్టంతో మంచి చోట చేర్పించి, రోజూ వెళ్లి పాదాల దగ్గర కూర్చునేవాడు దాన్ని మీరినట్లేనా? గోడలు కట్టినవాడు సంస్థవాడే కావచ్చు. ఖిద్మత్ మాత్రం సంతానం మీద అలాగే ఉంటుంది. ఏ ఒప్పంద పత్రమూ దాన్ని మాఫీ చేయదు.

చివరికి వాళ్లిద్దరూ అక్కడే చేరారు. ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువే అవుతోంది. నేను క్షమించమని అబ్బాజాన్‌ను ఫోన్‌లో అడిగాను. "మౌలానా సాబ్, ఆమెకు నా పేరు గుర్తుండదు. అయినా అసర్ నమాజు అయ్యాక నేను వెళ్లేసరికి తలుపు వైపే చూస్తూ ఉంటుంది" అన్నారు. కొడుకు జుమా నమాజు కాగానే పిల్లలను తీసుకుని వస్తున్నాడట.

వృద్ధులైన తల్లిదండ్రులున్న ప్రతి ఇంటికీ సరైన నిర్ణయాన్ని, దాన్ని నిలబెట్టుకునే తౌఫీఖ్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.