వార్తల్లో పదం: లేటెన్సీ

కొత్త గేమింగ్ ప్రాసెసర్ వచ్చిన ప్రతిసారీ వినిపించే మాట ‘లేటెన్సీ’. అడిగిన సమాచారం అందడానికి పట్టే సమయం అది. గిగాహెర్ట్జ్ ఒక్కటే చూసి కంప్యూటర్ కొనేవాళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి.

బేతంచెర్లలో బండలు పరిచే మేస్త్రీ ఎంత చురుకైనవాడైనా, బండ పక్కనుంటేనే పని సాగుతుంది. గని నుంచి ట్రాక్టర్ రావాలంటే కూర్చోవాల్సిందే. ప్రాసెసర్‌కు పక్కనున్న దొంతర క్యాష్ మెమరీ, గని ర్యామ్. మొదటి అంచె క్యాష్ నుంచి సమాచారం సుమారు ఒక నానోసెకనులో వస్తుంది. ర్యామ్ నుంచైతే 70, 80 పడుతుంది. ఈలోగా వందల క్లాక్ సైకిళ్లు వృథా.

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. శత్రువు ఎటు కదిలాడు, తూటా గోడకు తగిలిందా.. ఈ వివరాలన్నీ మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకే గేముల్లో ఎదురుచూపులెక్కువ. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దీనికి గట్టి రుజువు. క్లాక్ వేగంలో అది 5800ఎక్స్ కన్నా తక్కువే. అయితే చిప్ మీద మరో పొర పేర్చి మూడో అంచె క్యాష్‌ను 32 నుంచి 96 ఎంబీకి పెంచారు. చాలా గేముల్లో అదే ముందు నిలిచింది.

ఆన్‌లైన్ ఆటగాళ్లు చెప్పే ‘పింగ్’ కూడా లేటెన్సీయే, కాకపోతే నెట్‌వర్క్‌ది. సర్వర్ ముంబైలో ఉంటే, బేతంచెర్ల నుంచి సూటిగా సుమారు 700 కి.మీ. ఫైబర్‌లో కాంతి వెళ్లి రావడానికే 7 మిల్లీసెకన్లు పడుతుంది. మిగతాదంతా దారి మలుపులు, రద్దీ. దానికోసం ఖరీదైన ప్రాసెసర్ కొనొద్దు. ముందు వైఫై మాని కేబుల్ తగిలించి చూడండి.