మొండికేసిన జీపు

పాత జీపు గేరు లివర్ల పక్కన ఇంకో లివరు ఉంటుంది. దాన్ని ఫోర్ వీల్‌లో వేసి బురద దాటిన డ్రైవరు, తారు రోడ్డెక్కి నాలుగు మలుపులు తిరిగాక మళ్లీ టూ వీల్‌కు లాగుతాడు. లివరు రాదు. స్టీరింగు బిగుసుకుపోతుంది. గేరు పళ్లు ఊడాయనుకుని మొత్తం విప్పించేసిన వాళ్లూ ఉన్నారు. చాలాసార్లు లోపల విరిగింది ఏమీ ఉండదు.

ఈ బండి పుట్టింది యుద్ధపు హడావుడిలో. 1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది: నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలి, నమూనా 49 రోజుల్లో రావాలి. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న సంస్థ కార్ల్ ప్రోబ్స్ట్ చేత నమూనా గీయించి, సెప్టెంబర్ 23న మేరీలాండ్‌లోని హోలాబర్డ్ శిబిరానికి బండిని తోలుకెళ్లింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌, ఫోర్డు కొట్టేశాయి. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. 1940ల చివర్లో విల్లీస్ విడిభాగాలు బొంబాయికి వచ్చాయి. వాటిని బిగించి జీపులుగా అమ్మింది మహీంద్రా. పాడేరు ఘాట్‌రోడ్డు మీద మనుషుల్ని మోసినవీ ఆ వంశంలోవే.

ఇక లివరు సంగతి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే పెద్ద వంపు తిరుగుతాయి, అంటే ఎక్కువ దూరం నడుస్తాయి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. కానీ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఈ జీపులో అలాంటిదేమీ లేదు. ఫోర్ వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాల్సిందే. బురదలో టైరు కాస్త జారి ఆ తేడాను వదిలించుకుంటుంది. తారు మీద జారదు కనుక మెలి షాఫ్టుల్లో పేరుకుని గేర్లను నొక్కిపడుతుంది. నేరుగా నాలుగు గజాలు వెనక్కి తోలితే తరచూ మెలి వీడుతుంది, లివరు దానంతటదే వచ్చేస్తుంది.

తిన్నగా పోతున్నా ఇదే గొడవైతే టైర్లను అనుమానించాలి. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేయడం మన దగ్గర మామూలే. టైరు మీదా నేల మీదా సుద్దగీత పెట్టి, బండిని సరిగ్గా ఒక చుట్టు తోసి టేపుతో కొలవాలి. చుట్టుకొలతల్లో రెండు శాతం తేడా ఉన్నా కిలోమీటరుకు ఇరవై మీటర్లు ఎక్కడో జారాలి. టేపు ఖర్చుతో తేలే ఈ జబ్బుకు గేర్‌బాక్సు దింపడం దండగ.

రివర్సు వేయగానే అడుగున ‘టక్’మంటే అది వేరే కథ. ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి, దాని రెండు కొసల జాయింట్లలో ఉండే క్రాసు దగ్గర ఆట ఉందేమో చూడాలి. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపలి సూది బేరింగులకు గ్రీజు అందడం లేదు. క్రాసు మార్చడం ఇంట్లో అయ్యే పనే, అయితే షాఫ్టు రెండు ముక్కలను విడదీసే ముందే గుర్తు పెట్టుకోవాలి. వంగి తిరిగే ఈ జాయింటు ఒక తీరున తిరగదు. 30 డిగ్రీల వంపులో, ప్రతి చుట్టులో రెండేసిసార్లు, వేగం 13 శాతం తగ్గి 15 శాతం పెరుగుతుంది. ఆ ఎగుడుదిగుడును రెండో జాయింటు ఎదురుగా పనిచేసి రద్దు చేస్తుంది. షాఫ్టును ఒక పన్ను తేడాతో దూర్చారో, కొత్త క్రాసుతో కూడా బండి వణుకుతుంది. స్టీరింగుతో బాగా తిరగాల్సిన ముందు చక్రాలకు ఈ జాయింటు చాలదు. అందుకే యుద్ధకాలపు జీపుల్లో అక్కడ బెండిక్స్, ర్జెప్పా, ట్రాక్టా లాంటి సమవేగపు జాయింట్లు బిగించారు.

కిందికి దూరే ముందు ఒకటి గమనించాలి. విల్లీస్ నమూనాల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టదు, వెనక షాఫ్టును పడుతుంది. వెనక ఒక చక్రాన్ని జాకీతో లేపితే డిఫరెన్షియల్ వల్ల గాల్లోని చక్రం తిరుగుతుంది, నేల మీది చక్రం దొర్లుతుంది, బండి జాకీ మీది నుంచి జారుతుంది. మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టాలి. ముందు చక్రాలు నేల మీదే ఉంటాయి కనుక ఫోర్ వీల్ కూడా వేసి ఉంచితే ఇంకా మంచిది.

యుద్ధకాలపు జీపులో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర. వాటిని విప్పడానికి గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. తెలియక పానాకు గొట్టం తగిలించి బలం చూపితే స్టడ్డు తెగుతుంది, పంక్చరు వేయడానికి కూర్చున్నవాడు డ్రమ్ము ఊడదీయాల్సి వస్తుంది.