నారుమడి లేని సాగు

కిళ్లీకొట్టు సున్నం పాకెట్ ఆడుకునే వస్తువు కాదమ్మడూ. గట్టిగా నొక్కితే ఫట్‌మని చిట్లి, లోపలి సున్నం కంట్లో పడుతుంది. మన దేశంలో ఎంతమంది పసివాళ్ల కళ్లు ఇలా కాలాయో!

యాసిడ్ అంటే అందరికీ భయమే గానీ, కంటికి సున్నం లాంటి క్షారాలే ఎక్కువ చేటు. యాసిడ్ తగిలితే అక్కడి ప్రొటీన్లు గడ్డకడతాయి. ఆ గడ్డే దాన్ని కొంతవరకూ లోపలికి పోనివ్వదు. క్షారం కణాల్లోని కొవ్వును సబ్బుగా మార్చేస్తూ లోలోపలికి దిగిపోతుంది. అందుకే ముందు కుళాయి, తర్వాతే ఆటో. పావుగంటకు తగ్గకుండా కడుగుతూనే ఉండాలి. రెప్పల వెనక ఇరుక్కున్న పలుకులు తియ్యడం డాక్టరు పని.

అసలు నష్టం ఎక్కడో చెప్తా విను. నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన కార్నియా పైపొర ఎప్పటికప్పుడు అరిగిపోతూ ఉంటుంది. దానికి కొత్త కణాలనిచ్చే మూలకణాలు నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులో ఉంటాయి. ఆ అంచును లింబస్ అంటారు. అది కాలిపోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా ఇవతలికి పాకి చూపును కప్పేస్తుంది. ఇక ఎవరో దానం చేసిన కార్నియా అతికించినా నిలవదు, దాని పైపొరకు కణాలిచ్చేదేదీ?

మరి రెండో కన్ను బాగుంటే? 1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే డాక్టర్లు దాని అంచులోంచి పెద్ద ముక్కలే కోసి ఇటు నాటారు. మంచి కంటికీ ముప్పే కదా! 1997లో ఇటలీలో పెల్లెగ్రిని, డి లూకా బృందం చిన్న ముక్క తీసి, కణాలను ల్యాబ్‌లో పెంచి పొరగా అతికించింది. నారు పోసి నాటు వెయ్యడమన్నమాట. బాగానే ఉంది, కానీ ఆ నారుమడి ఖర్చు మామూలుది కాదు.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ ఏళ్ల తరబడి నారే పోశారు. 2012లో వీరేందర్ సంగ్వాన్ బృందం నేరుగా వెద పెట్టేసింది. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. కాలిన కంటిని శుభ్రం చేసి, కాన్పులో దొరికే ఉమ్మనీటి సంచి పొర పరుస్తారు. ఆ ముక్కను ఎనిమిది పది తునకలు చేసి, పొరమీద జిగురుతో అతికిస్తారు. పైన ఒక మెత్తని కాంటాక్ట్ లెన్స్, అంతే. కణాలు పెరగడానికి కంటిని మించిన ల్యాబ్ ఎందుకు? నాకు ముచ్చటేసేది అదే. మొదట ఆరుగురికి చేస్తే, ఆరు వారాల్లో ఆరుగురికీ కొత్త పైపొర వచ్చింది. తర్వాత 125 మందిని గమనిస్తే నూటికి 76 మందిలో అది నిలిచింది.

రెండు కళ్లూ కాలినవాళ్లకు ముక్క ఎక్కణ్ణుంచి తెస్తారంటావా? జపాన్‌లోని ఒసాకాలో నిషిదా బృందం మామూలు కణాలను మూలకణాలుగా మార్చి, వాటినుంచి కార్నియా పొరను పెంచుతోంది. లింబస్ పాడైన నలుగురికి దాన్ని అతికిస్తే, ముగ్గురికి మెరుగు నిలిచిందని 2024లో ప్రకటించారు. నలుగురు చాలరు, ఇంకా చాలామందిలో చూడాలి.