గాలి వీస్తున్నా గాలిమర ఎందుకు ఆగింది?

స్కాట్లాండుకు ఉత్తరాన సముద్రంలో ఆర్క్నీ అనే దీవులున్నాయి. అక్కడి జనాభా సుమారు 22 వేలు. ఏడాది పొడవునా హోరుగాలి. గాలిమరల పుణ్యమా అని ఆ దీవులలో పుట్టే విద్యుత్తు 2013 నాటికే అక్కడివారి ఏడాది వాడకాన్ని మించిపోయింది. అయినా గాలి బాగా వీచే వేళలోనే కొన్ని మరలను ఆపవలసి వస్తూండేది. వింతగా లేదూ?

పంటకాలువను చూశారు కదా. తల దగ్గర వెడల్పు, చివరికి పోయేకొద్దీ సన్నం. విద్యుత్ పంపిణీ తీగలనూ ఇట్లాగే వేశారు. కరెంటు పెద్ద కేంద్రం నుండి సబ్‌స్టేషనుకు, అక్కడినుండి ఇళ్ళకు, ఒకే దిక్కున పోతుందని లెక్క. అయితే కాలువ చివరి రైతు బావినీరు తోడి పోసినా అది తలవైపు ఎక్కదు. కరెంటు అట్లా కాదు. చివరనున్న గాలిమర ఊరి అవసరాన్ని మించి ఉత్పత్తి చేస్తే, మిగిలినది ఆ సన్నని తీగల గుండానే వెనక్కి బయలుదేరుతుంది.

తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని చదువుకున్నారు. 100 ఆంపియర్లు మోయవలసిన తీగ 120 మోసిందనుకోండి. 1.2ను 1.2తో గుణిస్తే 1.44. అంటే ప్రవాహం 20 శాతమే పెరిగినా వేడి 44 శాతం పెరుగుతుంది! తీగ చుట్టూ ఉన్న తొడుగు పాడవుతుంది. ఆర్క్నీని ప్రధాన భూభాగంతో కలిపినవి సముద్రగర్భంలోని రెండు 33 కిలోవోల్టుల కేబుళ్ళు. అక్కడ తీగ చెడితే బాగుచేయడం మాటలా?

అందుకని ఇంజనీర్లు పూర్వం గడ్డురోజును లెక్కలోకి తీసుకునేవారు. గాలి జోరుగా ఉండి, వాడకం తక్కువగా ఉండి, ఒక కేబులు చెడిపోయినా ప్రమాదం రాకూడదు. ఆ లెక్కన కొత్త మరలకు చోటు లేదు. కాని అటువంటి రోజులు ఏడాదికి ఎన్ని? మిగతా వేళల్లో తీగలు సగం ఖాళీయే కదా!

2009లో మరో పద్ధతి పెట్టారు. కొత్త మరలనూ కలుపుకున్నారు, చెప్పినప్పుడు తగ్గాలనే షరతు మీద. ఇరుకైన చోట్ల మీటర్లు ప్రవాహాన్ని కొలుస్తాయి. అది హద్దును సమీపించగానే కంప్యూటరు మరలకు ఆజ్ఞ పంపుతుంది. చివర చేరిన మర మొదట తగ్గాలి. నాకీ నియమం పూర్తిగా న్యాయమనిపించదు. ఆలస్యంగా బడిలో చేరినవాడికే రోజూ ఎండలో బల్ల వేసినట్లుంది.

ఈడే అనే చిన్న దీవి ప్రజల ఉమ్మడి గాలిమరకు ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. మర ఆగిన ప్రతి గంటా ఊరికి నష్టమే. అందుకని 2017లో అక్కడ ఒక ఏర్పాటు చేశారు. మిగులు కరెంటుతో నీటిని విద్యుద్విశ్లేషణ చేసి హైడ్రోజన్ తీయడం, దాన్ని ఓడలో కిర్క్‌వాల్ రేవుకు చేర్చి, ఇంధన ఘటంలో మళ్ళీ కరెంటుగా మార్చి, రేవులో నిలిచిన పడవలకు ఇవ్వడం. తీగ మోయలేనిదాన్ని ఓడ మోసిందన్నమాట! ఈ మార్పిడులలో శక్తి సగానికి పైగా నష్టమవుతుంది. ఆగిన మరతో పోలిస్తే అదీ లాభమే.

220 మెగావాట్లు మోయగల కొత్త సముద్ర కేబులుకు 2023లో అనుమతి లభించింది.