మిరప కల్లానికి చేరవలసిన ఎర్రగీత

నరసరావుపేట: మిరప కోతల కాలంలో మబ్బు పట్టిందంటే పల్నాటి రైతుకు గుండె గుభేలుమంటుంది. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే మచ్చపడి తాలు అవుతుంది, ధర తగ్గుతుంది. ఇది కంటికి కనబడే నష్టం. కనబడనిది మరొకటి ఉన్నది. తేమ తగిలిన కాయకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఇది కాలేయానికి క్యాన్సర్ తెచ్చే విషం.

ఐరోపా దేశాలు కిలో ఎండుమిరపలో ఈ విషం మొత్తం 10 మైక్రోగ్రాములు, అందులో బి1 రకం 5 మైక్రోగ్రాములు మించరాదని నియమం పెట్టాయి. 5 మైక్రోగ్రాములంటే వందకోట్ల పాళ్ళలో 5 పాళ్ళు. ఎగుమతి సరకు మచ్చులను గుంటూరులోని స్పైసెస్ బోర్డు ప్రయోగశాలలో పరీక్షిస్తారు. అప్పటికే కాయ రైతు చేయి దాటి ఉంటుంది.

ఇక్కడ అక్కరకు వచ్చేది బంగారం. అతిసూక్ష్మ రేణువులుగా నీటిలో ఉన్న బంగారం పసుపుగా గాక కెంపురంగులో కనబడుతుందని 1857లో లండన్‌లో మైకేల్ ఫారడే వెల్లడించాడు. మీటరులో వందకోట్లవ వంతు ఒక నానోమీటరు. ఈ రేణువులు కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే. గర్భ నిర్ధారణ పట్టీలు చాలావాటిలో ఎర్రగీత వీటిదే.

ఇదే సూత్రంతో తయారైన అఫ్లాటాక్సిన్ పట్టీలు ఆహార పరిశ్రమలో వాడుకలో ఉన్నాయి. కాయను పొడిచేసి, ఆల్కహాలు కలిపిన నీటితో సారం తీసి, పలుచన చేసి పట్టీపై వేస్తారు. విషాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు బంగారు రేణువులకు అతికి ఉంటాయి. విషం లేకపోతే ఆ రేణువులు పరీక్ష గీత వద్ద చేరి ఎరుపు చూపుతాయి. విషం ఉంటే అదే వాటిని ముందుగా ఆక్రమిస్తుంది, గీత వెలిసిపోతుంది. అంటే గీత స్పష్టంగా పడితేనే సరకు మంచిదన్నమాట. ఆ ఎరుపును కాంతితో కొలిచి అంకెల్లో చెప్పే చిన్న యంత్రాలూ ఉన్నాయి. సుమారు పావుగంటలో ఫలితం తెలుస్తుంది.

అయితే విషం కల్లమంతటా సమంగా ఉండదు. మచ్చు పలుచోట్ల తీయాలి. అనుమానం వస్తే ప్రయోగశాల మాటే తుది మాట.

రైతు సేవా కేంద్రాల్లోనో, మార్కెట్ యార్డుల్లోనో ఈ పరీక్ష జరిపితే తడిసిన కాయను రైతు ముందే వేరుచేసుకోగలడు. మంచి కాయకు మచ్చ రాదు. తన సరకు గుణం కొనేవాడికంటే ముందు పండించినవాడికి తెలియడం న్యాయం. ఈ విషయమై అధికారులు వచ్చే కోతలలోగా ఆలోచించవలసి ఉన్నది.